కొల్లేరు మా మెట్టలో మొదలవుతుంది

కొల్లేరు మాట ఎక్కడ వచ్చినా రెండో నిమిషానికి కాంటూరు దగ్గరికి వచ్చేస్తాం. ఐదో కాంటూరా, మూడో కాంటూరా. ఏలూరు బస్టాండులో, పెళ్ళి భోజనాల దగ్గర, ఎలక్షన్ మీటింగుల్లో ఎక్కడ విన్నా ఇదే గొడవ, ఇరవై ఏళ్ళ నుంచీ ఇదే. ఐదు ఉండాలనేవాళ్ళు పక్షుల వైపు, మూడుకి తగ్గించమనేవాళ్ళు మనుషుల వైపు అన్నట్టు రెండు జట్లు తయారైపోయాయి. నేను చింతలపూడి వైపు వాణ్ణి, మెట్ట మనిషిని, కొల్లేరు ఒడ్డున నాకు సెంటు భూమి లేదు, చేపల చెరువూ లేదు. కానీ ఈ విషయంలో నాకు గట్టిగా చెప్పాలనిపించేది ఒకటుంది. ఈ రెండు జట్లలో ఎవరు గెలిచినా కొల్లేరు బతకదు. గీత ఎక్కడ గీశారన్నది దానికి పెద్ద లెక్క కాదు, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎట్లా వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అనేదే దాని ప్రాణం, ఆ నీటి దారి పొడుగునా బతికే జనం ఒకచోట కూర్చుని దాన్ని చూసుకునే ఏర్పాటు మనకి ఇవాళ్టికీ లేదు. ఆ ఏర్పాటు కావాలి, అందులో మొదటి కుర్చీ లంక గ్రామాల వేటగాళ్ళది కావాలి, రెండో కుర్చీ మాలాంటి మెట్ట వాళ్ళకి బలవంతంగానైనా వేయాలి. ఈ పోస్టు అంతా దాని గురించే.

ముందు ఈ కాంటూరు సంగతి తెలియనివాళ్ళ కోసం. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున నీళ్ళు నిలిస్తే కొల్లేరు ఎంత మేర పరుచుకుంటుందో అది ఐదో కాంటూరు, 308 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో 76 వేల పైచిలుకు. మూడుకి దిగితే 135 చదరపు కిలోమీటర్లే. అదే పెద్ద వరద వచ్చి పదో కాంటూరు దాకా లేచిందనుకోండి, 901 చదరపు కిలోమీటర్లు. ఒకే సరస్సు, మూడు సైజులు. ఏటా పెరిగి తరిగే ఒంటికి మనం ఒక కొలత రాసిపెట్టి అంతకి మించి పెరగకూడదు అంటున్నాం. 1999లో ఐదో కాంటూరు లోపలంతా అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచ స్థాయి చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చినప్పుడు మాత్రం 90,100 హెక్టార్లు, అంటే పదో కాంటూరు దాకా చేర్చారు. అంటే ప్రపంచానికి చూపించిన కొల్లేరు ఒకటి, ఇక్కడ మనం కాపలా కాసేది అందులో మూడో వంతు.

ఇంక నీళ్ళ సంగతి. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లం ఇది, రెండు నదులూ వేల ఏళ్ళు ఒండ్రు తెచ్చి అటూ ఇటూ ఎత్తు పెంచుకుంటూ పోతే మధ్యలో మిగిలిపోయిన లోతు. బుడమేరు మైలవరం కొండల నుంచి వస్తుంది, తమ్మిలేరు తెలంగాణలో సత్తుపల్లి వైపు నుంచి బయల్దేరి మా చింతలపూడి మీదుగా ఏలూరు దగ్గర రెండు పాయలై దిగుతుంది, రామిలేరు, గుండేరు ఉన్నాయి, ఇవి కాక డెల్టా పొలాల మురుగు మోసుకొచ్చే డ్రెయిన్లు పదుల సంఖ్యలో. కొల్లేటిలోకి నీళ్ళిచ్చే నేల మొత్తం దాదాపు 4,763 చదరపు కిలోమీటర్లు, అందులో 3,400 పైన మెట్ట ప్రాంతమే, డెల్టా వాటా 1,360 మాత్రమే. ఈ అంకె మా వైపు ఎవరికీ తెలీదు. మా ఊళ్ళలో కొల్లేరంటే కైకలూరు వాళ్ళ విషయం, ఆకివీడు వాళ్ళ విషయం, చేపలోళ్ళ విషయం. మన పొలం గట్టు మీద పడ్డ వాన చుక్క చివరికి ఎవరి ఇంటి ముందుకి పోతుందో మన స్కూళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

ఇన్ని నీళ్ళు వస్తే పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోయి కృత్తివెన్ను వైపు సముద్రంలో కలుస్తుంది. పెద్ద వరదలో కొల్లేటికి వచ్చే నీరు 1,10,000 క్యూసెక్కుల దాకా ఉంటుందని ఇంజనీర్ల లెక్క, ఉప్పుటేరు తీసుకుపోగలిగేది 12,000 నుంచి 15,000. మిగతాదంతా సరస్సు తన ఒళ్ళో పట్టుకుని మెల్లమెల్లగా వదలాలి, అదే దాని పని, అందుకే అది అంత పెద్దగా, అంత లోతు తక్కువగా ఉంటుంది. ఆ ఒళ్ళో అడ్డంగా గట్లు కట్టేస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? లంక ఊళ్ళలోకి, పైన వరి చేలల్లోకి. పెదఎడ్లగాడి వంతెన ఖానాల్లో గుర్రపుడెక్క గుట్టలుగా ఇరుక్కుపోయి నీళ్ళు దిగక, ఏలూరు కైకలూరు రోడ్డు మీద రోజుల తరబడి నీళ్ళు నిలబడటం అక్కడి వాళ్ళకి ప్రతి పెద్ద వానాకాలం ఉండేదే. అటు సముద్రం పోటుకి వచ్చినప్పుడు ఉప్పు నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి, పైనుంచి మంచినీళ్ళు తగ్గిన ఎండాకాలం ఇంకా ఎక్కువ ఎక్కుతాయి, చుట్టుపక్కల బోర్లు చప్పబడిపోయి తర్వాత ఉప్పుబడిపోతాయి. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలనే మాట ఎన్ని ప్రభుత్వాల నోట విన్నామో.

2024 సెప్టెంబర్ ఒకటో తారీకు గుర్తుందా. విజయవాడ సింగ్‌నగర్ మేడల మొదటి అంతస్తుల్లోకి నీళ్ళు వచ్చిన రోజు. ఆ నీళ్ళు బుడమేరువి, అంటే కొల్లేటికి పోవాల్సినవి. వెలగలేరు దగ్గర నుంచి డైవర్షన్ ఛానల్ తవ్వి బుడమేరుని కృష్ణలోకి మళ్ళించే ఏర్పాటు ఎప్పుడో చేశారు, కానీ ఆ రెండు రోజుల్లో కృష్ణే నిండిపోయి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే అది ఇంకొకరి నీళ్ళు ఎక్కడ తీసుకుంటుంది, ఛానల్ కట్టకి గండ్లు పడ్డాయి, పాత బుడమేరు దారి వెతుక్కుంటూ నీళ్ళు వచ్చాయి, ఆ దారిలో మనం కాలనీలు కట్టుకుని ఉన్నాం. టీవీల్లో అంతా విజయవాడ వరద అన్నారు. కొల్లేటి పరీవాహకం అన్న మాట నేను మాత్రం వినలేదు. సింగ్‌నగర్‌లో మునిగిన చిన్న ఉద్యోగీ, కైకలూరు మండలంలో మునిగిన లంక మనిషీ, మైలవరం కొండ కింద మామిడి రైతూ ఒకే నీళ్ళ మీద ఉన్నారు. ఆ ముగ్గురికీ ఒకరి ఫోన్ నంబర్ ఒకరి దగ్గర ఉండదు, ముగ్గురూ కలిసి కూర్చోడానికి ఒక గది లేదు, ఒక రిజిస్టరు లేదు. నా బాధంతా అక్కడే.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం, ఎందుకంటే అది చెప్పకుండా వేటగాళ్ళకి మొదటి కుర్చీ ఎందుకంటున్నానో అర్థం కాదు. కొల్లేటి లోపల 46 బెడ్ గ్రామాలు, చుట్టూ 76 బెల్ట్ గ్రామాలు అని లెక్క. బెడ్ గ్రామాల్లో ఎక్కువమంది వడ్డీలు, వేట మీద బతికిన కులం. తాటి దోనెలు, వెదురు మావులు, వలలు, వానాకాలం చేపలు, నీళ్ళు తీసిన చోట ఎండాకాలం వరి. కొర్రమీను, వాలుగ, మార్పు, గొరక, మట్టగిడస, జెల్లలు, ఇవన్నీ ఎవరూ పిల్ల వేసి పెంచినవి కాదు, నీళ్ళతో పాటు వచ్చి కిక్కిసలో జమ్ములో గుడ్లు పెట్టి పెరిగినవి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లికి ఫాల్గుణ మాసం జాతర చేస్తారు, చుట్టుపక్కల లంకలన్నీ అక్కడికి చేరతాయి. ఊరి కట్టుబాటు అంటే అక్కడ చిన్న విషయం కాదు, ఊరి పెద్దలు ఒక మాట అనుకుంటే ఆ మాట మీదే వేట నడిచేది, తప్పినవాణ్ణి వెలేసేవాళ్ళు. ఇదంతా బంగారు కాలం అని నేను చెప్పను. ఆ పెద్దల్లో ఆడవాళ్ళు లేరు, ఎస్సీ కుటుంబాలకి ఆ కట్టుబాటులో దక్కిన చోటు చాలా తక్కువ, వరద వస్తే అందరికన్నా ముందు మునిగేదీ వాళ్ళ గుడిసెలే. కానీ నీళ్ళ మీద ఒక ఊరు ఊరంతా కలిసి నిర్ణయం తీసుకునే అలవాటు అక్కడ ఉండేది, అది ఇవాళ ఏ డిపార్ట్‌మెంటూ డబ్బు పెట్టి తయారు చేయలేని ఆస్తి.

60ల్లో వరస వరదలు, వరి మునిగిపోవడం, డెల్టా మురుగు సమస్య మీద మిత్రా కమిటీ వేయడం, ఇదంతా ఒక దశ. 1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు లంక జనానికి సొసైటీలు పెట్టించి ప్రభుత్వమే చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే అనుకుందాం, పేదవాళ్ళకి నికరమైన రాబడి వస్తుందని. జరిగింది వేరు. చెరువుకి పెట్టుబడి కావాలి, పిల్ల కావాలి, తవుడు కావాలి, అప్పు కావాలి, అవన్నీ ఉన్నవాడు బయటివాడు. సొసైటీ పేరు లంకవాళ్ళది, లీజు బయటివాళ్ళది, ఏడాదికి ఇంటికి ఇంత అని డబ్బు పంచేవాళ్ళు, ఒకప్పుడు వేటాడిన మనిషి అదే నీళ్ళ మీద కాపలా కూలీ అయ్యాడు. 80లు 90ల్లో ఈ పంట బాగా పండి, సొసైటీ చెరువుల పక్కన వందల ఎకరాల పెద్ద గట్లు లేచాయి, వాటికి ఏ కాగితమూ లేదు. సరస్సు లోపల సరస్సు కనపడకుండా పోయింది.

తర్వాత కోర్టులు, 1999 అభయారణ్యం, సుప్రీంకోర్టు, కేంద్ర సాధికార కమిటీ, చివరికి 2005, 2006లో ఆపరేషన్ కొల్లేరు. పొక్లెయిన్లు పెట్టి, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలు పెట్టి గట్లు తెంచారు. అప్పటి ప్రభుత్వం రాజకీయంగా చాలా పెద్ద పని చేసిందని ఇప్పటికీ నేను ఒప్పుకుంటాను, అంత డబ్బున్న వాళ్ళ గట్ల మీదికి మిషన్లు తోలడం చిన్న విషయం కాదు. రెండు మూడేళ్ళు నీళ్ళు విశాలంగా కనపడ్డాయి, పక్షులొచ్చాయి. తర్వాత ఏం జరిగిందో ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు. ఒక్కో గట్టూ మళ్ళీ లేచింది. 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది, కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దంది, కేసులు ఇంకా కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

గట్లు ఎందుకు మళ్ళీ లేచాయి? ఆఫీసర్లు లంచం తిన్నారు, నాయకులు కాపు కాశారు, ఇది అందరం చెప్పే జవాబు, అందులో నిజం లేకపోలేదు. కానీ నాకు అసలు కారణం ఇంకోటనిపిస్తుంది. గట్టు తెంచిన తెల్లారి ఆ ఖాళీ నీళ్ళ మీద ఎవరికి హక్కుందో ఎవరూ చెప్పలేదు. చెరువు లీజు పోయింది, ఏడాదికి ఇంటికి వచ్చే డబ్బు పోయింది, దాని బదులు తెరిచిన సరస్సులో ఫలానా ఊరి వాళ్ళు ఫలానా మేర వేటాడుకోవచ్చు, దాన్ని ఇంకెవడైనా ఆక్రమిస్తే మీరే ఆపొచ్చు, మీ మాటకి చట్టం వెనక నిలబడుతుంది అని ఒక కాగితం ఇచ్చారా? ఇవ్వలేదు. సంప్రదాయ వేటకి అడ్డు లేదు అన్నారు, అడ్డు లేకపోవడం వేరు, హక్కు ఉండటం వేరు. పైగా మురుగుతో, ఉప్పుతో, గుర్రపుడెక్కతో ఆ తెరిచిన నీళ్ళలో నాటు చేపలు ముందులాగా లేవు. మరి రాత్రి పూట మళ్ళీ మిషన్ వచ్చి గట్టు పోస్తుంటే ఆ ఊరి మనిషి ఎందుకు అడ్డం పడతాడు? అడ్డం పడితే వాడికి మిగిలేది ఏంటి? గట్టు లేస్తే కనీసం లీజు డబ్బులైనా వస్తాయి. లంకలో ఒక పెద్దాయన నాతో ఇదే ముక్క చెప్పాడు, "బాబూ, అడివోళ్ళకి పిట్టలున్నాయి, చెరువులోళ్ళకి చేపలున్నాయి, మాకు కొల్లేట్లో ఏవుంది చెప్పు." ఆయనకి చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు, ఆయనకి సమాధానం ఇవ్వాల్సింది చట్టం.

చట్టంలో అసలు చోటే లేదా అంటే ఉంది, వెతికితే. 2017 వెట్‌ల్యాండ్స్ రూల్స్ ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక వెట్‌ల్యాండ్ అథారిటీ ఉండాలి. అందులో మంత్రి, సెక్రటరీలు, వాళ్ళతో పాటు చిత్తడి నేలల నిపుణుడు, నీటి నిపుణుడు, మత్స్య నిపుణుడు, ఇట్లా నిపుణులు ఉంటారు. మత్స్య నిపుణుడికి కుర్చీ ఉంది, మత్స్యకారుడికి లేదు. వన్యప్రాణి చట్టంలో అభయారణ్యానికి సలహా కమిటీ ఉంది, పంచాయతీల వాళ్ళకి అందులో చోటుంది, కానీ పేరులోనే ఉంది కదా, అది సలహా మాత్రమే. ఇంక నేను అందరితో వాదించే చట్టం ఒకటుంది, 2006 అటవీ హక్కుల చట్టం. అందరూ అది ఏజెన్సీ గిరిజనుల చట్టం అనుకుంటారు. అందులో అటవీ భూమి అన్నదానికి అభయారణ్యాలు కూడా వస్తాయి, సామూహిక హక్కుల్లో నీటి వనరుల్లోని చేపలూ ఉన్నాయి, ఎస్టీలు కానివాళ్ళు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఉండి దాని మీదే బతికినట్టు చూపించాలి. లంక గ్రామాలు మూడు తరాలు కాదు, ఇంకా ఎన్నో తరాలు. ఇది కొల్లేటికి వర్తిస్తుందా లేదా అన్నది లాయర్లు గట్టిగా వాదించాల్సిన విషయమే, సులువు కాదు, కానీ ఒక్క గ్రామసభ అయినా ఈ దారిలో అడగాలని నా కోరిక. కాంటూరు తగ్గించమని చేసే ధర్నాల్లో పదో వంతు శక్తి దీని మీద పెట్టినా ఆ మనిషికి సొంత హక్కు వస్తుంది, కాంటూరు తగ్గితే వచ్చేది మళ్ళీ లీజుదారుడే.

చిలికా మాట ఎత్తకుండా ఈ చర్చ పూర్తికాదు. ఒడిశాలో ఉంది, కానీ దాని సముద్రం మొగ దగ్గర తెలుగు మాట్లాడే నోలియా జాలర్లు ఉంటారు కాబట్టి మనకి మరీ పరాయిదేం కాదు. 90ల్లో చిలికా మన కొల్లేటి కన్నా అధ్వానంగా ఉండేది, పూడిపోయి, ఉప్పు తగ్గిపోయి, కలుపు కమ్మేసి, 1993లో రామ్‌సర్ వాళ్ళ ప్రమాద జాబితాకి ఎక్కింది. అంతకు ముందే, 1991లో, సరస్సు మొత్తానికి కలిపి ఒకే అథారిటీ పెట్టారు, వాళ్ళు సరస్సుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోకుండా పడమటి కొండల్లో వాగుల వెంట ఊళ్ళలో కమిటీలు పెట్టి మట్టి కొట్టుకుపోకుండా పనులు చేయించారు, 2000 సెప్టెంబర్‌లో సముద్రానికి కొత్త మొగ తెరిచారు, చేపలూ పీతలూ తిరిగొచ్చాయి, 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి బయటికొచ్చింది. ఇది గొప్పే. కానీ కథలో ఇంకో సగం కూడా చెప్పాలి. అక్కడా రొయ్యల ఘేరీలు, అంటే సరస్సు నీళ్ళలోనే అడ్డుకట్టి రొయ్యలు పెంచే దొడ్లు, వచ్చాయి, వాటికి ఎదురు తిరిగిన జాలర్ల మీద 1999 మేలో సొరానా ఊళ్ళో పోలీసు కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు, ఆ తర్వాత కూడా ఘేరీలు తీసేయడం, మళ్ళీ రావడం చాలా ఏళ్ళు నడిచింది. నీళ్ళ ఇంజనీరింగు బాగా చేసినా హక్కుల లెక్క తేల్చకపోతే ఎంత రక్తం పోతుందో చిలికా చూపించింది. మనం అక్కణ్ణుంచి మొదటి సగం నేర్చుకోవాలి, రెండో సగం జరగకుండా చూసుకోవాలి.

ఇప్పుడు మా మెట్ట సంగతికి వస్తా, ఎందుకంటే పక్కవాళ్ళ తప్పులు చెప్పడం ఎప్పుడూ సులువే. మా వైపు పాతికేళ్ళ కింద తాగునీటి బావులున్న చోట్ల ఇవాళ వందల అడుగుల బోర్లు, పామాయిల్ తోటలు, మామిడి, మొక్కజొన్న, పొగాకు. పామాయిల్ మంచి డబ్బు తెచ్చింది, మా ఇళ్ళల్లో పిల్లల చదువులు దాని మీదే నడిచాయి, దాన్ని తిట్టే మనిషిని కాదు నేను. కానీ ఒక్కో చెట్టుకి రోజూ పోసే నీళ్ళు భూమిలోంచి లాగుతుంటే, తమ్మిలేరులో వానాకాలం పోయాక పారాల్సిన ఊట నీరు ఎక్కడిది? ఎండాకాలం పైనుంచి మంచినీరు దిగకపోతే ఉప్పుటేరు ఉప్పు పైకి ఎక్కుతుందని ఇందాక చెప్పాను కదా, ఆ ఉప్పులో మా బోర్లకీ వాటా ఉంది. వాన పడితే అంతా ఒక్కసారే ఉరుకుతుంది, ఎందుకంటే ఊరి చెరువులు పూడిపోయాయి, అలుగు దిగువన వాగు ఇళ్ళస్థలాలైంది, మట్టి, ఎరువు, పురుగుమందు కలిపి కిందికి పంపిస్తాం. ఆ మట్టే కొల్లేటి అడుగున పేరుకుంటుంది.

మెట్ట ఊళ్ళలో చెరువుకి నీరుగట్టు ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి చేనుకి ఎంత, గండి పడితే ఊళ్ళో ఇంటికో మనిషిని ఎట్లా పిలవాలి, అన్నీ ఆయన పని, దానికి పంట కళ్ళంలో ఆయన వాటా ఆయనకి కొలిచి ఇచ్చేవాళ్ళు. రాయలసీమ, నెల్లూరు వైపు చెరువు బాగు చేసినవాళ్ళకి దశబంధం పేరుతో ఇనాం భూములు ఉండేవి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, రైతులు ఓటేసి కమిటీలు ఎన్నుకున్నారు, మొదట్లో చాలా చోట్ల కాలువల పనులు బాగానే జరిగాయి, తర్వాత ఎన్నికలు వాయిదాలు పడీ పడీ ఉత్సాహం పోయింది. దీనిలో నేను గమనించింది ఒకటే. కాలువకి, చెరువుకి, తూముకి, అంటే నీళ్ళు వచ్చే దారికి ఎప్పుడూ ఒక మనిషి, ఒక సంఘం, ఒక పద్ధతి ఉంది. నీళ్ళు పోయే దారికి అంత పట్టింపు ఎప్పుడూ లేదు. డ్రెయిన్ ఎవరిది? అందరూ పడేసేవాళ్ళే. డెల్టా మురుగు కాలువల కోసం రైతుల మీద సెస్ వేయడానికి 1968లోనే చట్టం చేశారు, అంటే డబ్బు ఎట్లా రాబట్టాలో ఆలోచన ఎప్పుడో ఉంది, ఆ డ్రెయిన్ పక్క ఊళ్ళకి దాని మీద అధికారం ఇవ్వాలన్న ఆలోచన రాలేదు. ఏలూరు, గుడివాడ, విజయవాడ మురుగు కొల్లేటి దారిలో పోతుంది, మున్సిపాలిటీ వాళ్ళని ఎవరు నిలదీస్తారు? డ్రెయిన్ దిగువన ఉన్న లంక మనిషికి ఏలూరు మున్సిపల్ ఎన్నికల్లో ఓటు లేదు కదా.

అందుకే నేనడిగే ఏర్పాటు ఇది. తమ్మిలేరుకి ఒక సంఘం, బుడమేరుకి ఒకటి, రామిలేరు గుండేరులకి కలిపి ఒకటి, పోల్‌రాజ్ లాంటి పెద్ద డ్రెయిన్లకి ఒక్కోటి, ఉప్పుటేరుకి ఒకటి. ప్రతిదాంట్లో పై ఊరి వాళ్ళూ కింది ఊరి వాళ్ళూ కచ్చితంగా కలిసి ఉండాలి. వీటన్నిటి నుంచి కొల్లేటి సభ. అందులో సగానికి పైన లంక గ్రామాల వేట కుటుంబాలు, వాళ్ళల్లో ఆడవాళ్ళు, ఎస్సీ కుటుంబాలు లెక్క ప్రకారం ఉండాలి, మిగతా సగంలో మెట్ట రైతులు, డెల్టా వరి రైతులు, బయటి చేపల రైతులు, మున్సిపాలిటీలు. తమ్మిలేరు కోసం తెలంగాణ వైపు ఊళ్ళ నుంచి కూడా. ఆఫీసర్లు ఉంటారు, సమాధానం చెప్పడానికి. పెదఎడ్లగాడి దగ్గర గుర్రపుడెక్క తీసే పని, దాని డబ్బు, ఏ డ్రెయిన్ నీరు ఎంత మురికిగా ఉందో ప్రతి నెలా కొలిచి బోర్డు మీద రాయడం, వేట సీజన్, పిల్ల చేపలున్నప్పుడు వేట ఆపడం, కొత్త గట్టు లేస్తే వెంటనే ఆపించే నోటీసు, ఇవన్నీ సభ చేతిలో ఉండాలి. ఫారెస్ట్ వాళ్ళు పక్షుల గూళ్ళు చూసుకుంటారు, అది వాళ్ళు బాగానే చేస్తున్నారు, ఆటపాకలో గూడబాతులకి స్టాండ్లు కట్టి నిలబెట్టింది వాళ్ళే.

చేపల రైతులు దీన్ని చదివి నన్ను శత్రువు అనుకుంటారేమో. కైకలూరు, ఆకివీడు నుంచి హౌరాకీ, గౌహతికీ పోయే ఐసు లారీల మీద ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో చూస్తూ పెరిగినవాణ్ణి. ఐదో కాంటూరు బయట సొంత పొలంలో చెరువు తవ్వుకున్న రైతు దొంగ కాదు. లోపల జిరాయితీ పట్టా ఉన్నవాళ్ళు కూడా కాదు, దాదాపు 15 వేల ఎకరాల పట్టా భూమి అభయారణ్యం లోపల ఉంది, ఆ కుటుంబాలకి పరిహారమో, వేరే దారో తేల్చకుండా ఇన్నేళ్ళు నాన్చడం అన్యాయం. కానీ చెరువు నీళ్ళు మార్చినప్పుడు ఆ మురికి ఎక్కడికి వదులుతున్నారు, కోళ్ళ వ్యర్థాలు మేతగా వేస్తున్నారా, మంచినీటి చెరువులో రొయ్య కోసం ఉప్పు నీళ్ళు తెచ్చి పోస్తున్నారా, ఈ మూడు ప్రశ్నలకి పక్క రైతు ముందు, దిగువ వేటగాడి ముందు జవాబు చెప్పాలి. ఆఫీసుకి జవాబు చెప్పడం కన్నా పక్కవాడికి చెప్పడం కష్టం. పైగా ఉప్పు పైకి ఎక్కితే, జబ్బు నీళ్ళు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకితే ముందు మునిగేది వాళ్ళ పంటే, కాబట్టి వాళ్ళు సభలో ఉండటం వాళ్ళకే అవసరం.

"సభలు పెడితే కులాల కొట్లాటలు, పార్టీల కొట్లాటలు తప్ప ఏం జరగవు, గట్టి ఆఫీసర్ ఒకడొస్తే చాలు" అనేవాళ్ళు చాలామంది. హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ హైడ్రా వచ్చినప్పుడు కూడా ఇదే మాట వినపడింది, మిషన్ తోలితే చాలని. మిషన్ అవసరమైన చోటు ఉంటుంది, వందల ఎకరాల అక్రమ గట్టుని సభ తీర్మానంతో తెంచలేం, దానికి ప్రభుత్వ బలం కావాల్సిందే. కానీ మిషన్ వెళ్ళిపోయాక ఆ రాత్రి అక్కడ ఎవరుంటారు? ఆఫీసర్ బదిలీ అయిపోతాడు, కలెక్టర్లు మారతారు, ప్రభుత్వాలు మారతాయి, 2006 తర్వాత మనం చూశాం. మారకుండా అక్కడే ఉండేది లంక ఊళ్ళే. కొట్లాటలు వస్తాయి, వస్తే రానివ్వండి, ఇప్పుడు కూడా కొట్లాటలే, కాకపోతే డబ్బున్నవాడి కొట్లాట కోర్టులో, డబ్బు లేనివాడి కొట్లాట పోలీస్ స్టేషన్లో నడుస్తోంది. ఎదురెదురు కూర్చుని, రాతపూర్వకంగా, అందరూ చూస్తుండగా కొట్టుకోమంటున్నాను.

ఇదంతా పైనుంచి జీవో వచ్చాకే జరగాలని లేదు. తమ్మిలేరు సంఘం మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చింతలపూడి వైపు ఊళ్ళ చెరువు కమిటీలు, ఏలూరులో తమ్మిలేరు గట్టు మీద ఉండే కాలనీల సంఘాలు, దిగువన పాయ కలిసే దగ్గరి లంక ఊళ్ళు, ఈ మూడు చోట్ల నుంచి ఊరికి ఇద్దరు చొప్పున వస్తే చాలు. మొదటి పని కూడా పెద్దదేం కాదు. వానలకి ముందు వాగు పొడుగునా నడిచి, ఎక్కడ పూడింది, ఎక్కడ ఎవరు ఆక్రమించారు, ఎక్కడ మురుగు కలుస్తోంది, ఏ చెరువు అలుగు పనిచేయడం లేదు అన్నది ఫోన్లో ఫోటోలతో సహా ఒక మ్యాపు మీద పెట్టడం, ఆ మ్యాపు మూడు చోట్లా పంచాయతీ గోడల మీద అంటించడం. మా ఊరి పామాయిల్ రైతులు కొందరితో మాట్లాడాను, ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు, ఒకాయన మాత్రం "మనకీ కొల్లేటికీ ఏం సంబంధం రా" అన్నాడు. ఆయన్ని కూడా నడకకి పిలిచాను. లంక వైపు నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర నీళ్ళు ఉప్పుబడ్డ నెలలు, చేపలు చచ్చి తేలిన రోజులు రాసిపెట్టి ఉంటే పంపండి, మా వైపు బోర్లు ఎక్కువగా నడిచిన నెలల పక్కన పెట్టి చూద్దాం.